పచ్చ ముందు

గాలంతా సిగ్నళ్లతో కిక్కిరిసి కాకి ఎగరడానికైనా సందు లేకపోయాక, కుళాయి దగ్గర్నుంచి పొయ్యి దాకా అన్నీ కేబుల్ మీదే నడుస్తున్నాయి. ఎలుకలేమో కేబుళ్లలోని రాగి తీగల రుచి మరిగి, బియ్యం వంక చూడటమే మానేశాయి. అందుకే ఈ ఇంటి కోడలు సింహాలు రోజూ పొద్దున్నే కొత్త కేబుల్ కట్టాలి. టెస్టర్ మీద ఎనిమిది దీపాలూ వరసగా వెలిగితేనే ఏడింటికి నీళ్లొస్తాయి. లేదంటే ఆ రోజుకి లేనట్టే.

ఏడు గంటలు కావడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

"ఏటే, అవలేదా?" అంది అత్త వరాలమ్మ.

"మూడోసారత్తా. దీపాలు వరస తప్పి ఎలుగుతున్నాయి."

వరాలమ్మ కేబుల్‌ని కళ్ల దగ్గర పెట్టుకుంది. లోపలి ఎనిమిది తీగలకీ ఏ ఇంటి రంగుల వరస ఆ ఇంటిదే.

"ఈ కొసకి మనింటిలాగ నారింజ ముందెట్టావు. ఆ కొసకి మీ అమ్మోలిలాగ పచ్చ."

"అలిసిపోతే చెయ్యి అటే పోతోందత్తా."

వరాలమ్మ కేబుల్‌ని తిరిగి కోడలి చేతిలో పెట్టింది.

"రెండు కొసలూ ఒకలాగుంటే సాలు గదా. నారింజ కొస కోసీసి, అదీ పచ్చతోనే కట్టీ."

సింహాలు కట్టి టెస్టర్ నొక్కింది. ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి. కుళాయి దగ్గి నీళ్లు వదిలింది. సింహాలు బిందె పెట్టి గోడకి చేరగిలబడింది.

"మరి రేపో అత్తా?"

"రేపూ పచ్చే. ఎలకలకీ రుచి మారతాది."