ఎనభై ఆరు

వేలికి తగిలించిన మిషను చూసి కొడుకు కెవ్వుమన్నాడు.

“నాన్నా! మీ ఒంట్లో ఆక్సిజన్ 86!”

“ఉంటే ఉండనీరా. కాఫీ చల్లారిపోతోంది,” అన్నారు లెక్కల మాస్టారు.

మిషను ఆ పొద్దున్నే కొన్నది. తొంభై నాలుగుకి తగ్గితే ప్రమాదమని ఎవరో చెప్పారు.

“మాట్లాడకండి మామయ్యా! ఉన్న కాస్త గాలీ అయిపోతుంది!” అంది కోడలు.

వాళ్ళది నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఉంది. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపూ పట్టుకుని మెట్లు దించసాగారు.

“నేను పోతే నా రేడియో పక్కింటివాడికి మాత్రం ఇవ్వకండి. వాడికి సౌండు తగ్గించడం రాదు,” అన్నారు మాస్టారు.

కొడుక్కి ఏడుపు ముంచుకొచ్చింది.

రెండో అంతస్తు మలుపులో ఒక పెద్దావిడ ఎదురైంది. నలిగిన చీర, చేతిలో కూరల సంచీ.

ఆవిడ మాస్టారి పెదాలు చూసింది. గుండెలు లేచి పడడం చూసింది.

“ఈయన బాగానే ఉన్నారు బాబూ. ఆ మిషను ఒక్కసారి...”

“అడ్డు లేవండమ్మా! ఇక్కడ ప్రాణం మీదికొచ్చింది!”

“తిప్పి చూడు నాయనా.”

“తిప్పడాలూ తిరగడాలూ తర్వాత!”

“ఎవరింట్లోనో వంటావిడ కాబోలు. ఈ రోజుల్లో ప్రతివాళ్ళూ డాక్టర్లే!” అని కోడలు మూతి తిప్పింది.

ఆవిడ గోడకి ఒదిగి దారిచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు, మిషనుతోనే ఉన్న మాస్టారి చేతిని తనవైపు తిప్పుకుని చూశాడు.

“98. నాకన్నా బాగున్నారు.”

“ఇందాక 86 ఉందండీ!”

డాక్టరు ఆ చేతిని కొడుకువైపు తిప్పాడు. 98 తలకిందులై 86 అయి కూర్చుంది.

మాస్టారు కొడుకుని ఎగాదిగా చూశారు. “అంకెలు నేర్పాను గానీ, ఎటునుంచి చదవాలో చెప్పడం మరిచాన్రా.”

కొడుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూపులు చూశాడు.

“రెండో అంతస్తు మెట్లమీద ఒకావిడ తిప్పి చూడమంది. మేమే కసిరేశాం,” అని గొణిగింది కోడలు.

డాక్టరు చీటీ మీద అడ్రసు చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఆ రెండో అంతస్తులో ఉండే ఆవిడేనా? మరి ఇంత దూరం ఎందుకొచ్చారండీ!” అని నవ్వాడు. “నేను డ్యూటీలో చేరిన మొదటిరోజు ఇలాగే 86 అని అరిచి వార్డంతా పరుగులు పెట్టిస్తే, నెమ్మదిగా వచ్చి నా ముందు మిషను తిప్పిపెట్టిన మా హెడ్ నర్సమ్మ ఆవిడే.”