ఆరింటికి ఏడు కొట్టే గడియారం

ఖాళీ చేతులతో రైలు దిగి, జేబు నింపుకుని ఇంటికెళ్లాలని నరసింగరావు పథకం. అందుకు ఆమదాలవలస స్టేషను ఎదుటి బజారును ఊరికే ఎంచుకోలేదు.

ఆ బజారులో పదకొండు కొట్లున్నాయి. ఏ కొట్లోనూ "లేదు" అనే మాట వినపడదు. ఇత్తడి సామాన్ల కొట్టుకెళ్లి పట్టుచీర అడిగినా కూర్చోబెట్టి సోడా ఇస్తారు. సోడా అయ్యేలోగా పెరటి దారిన పక్క కొట్లోంచి చీరలు వచ్చేస్తాయి. అక్కడా లేకపోతే శ్రీకాకుళానికి సైకిలు పరిగెడుతుంది. రైలుకీ రైలుకీ మధ్య, కూర్చున్న చోటినుంచి కదలకుండా పెళ్లి సరంజామా అంతా కొనుక్కుపోయినవాళ్లున్నారు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవి, పెళ్లిళ్ల రోజులు. బజారు పేరు ఇచ్ఛాపురం దాకా పాకింది.

అంత పేరున్నవాళ్లకు అది పోతుందన్న భయమూ ఉంటుంది. నరసింగరావుకు కావలసింది ఆ భయమే.

పొద్దున్న రైలు దిగి, సరాసరి కూర్మయ్య ఇత్తడి కొట్టు అరుగు మీద కూర్చుని తీరిగ్గా సోడా తాగాడు. జనం బాగా పోగయ్యాక లేచి గుండెలు బాదుకున్నాడు.

"నా గడియారం! మేనకోడలి పెళ్లికి పట్టుకెళ్తున్న గోడగడియారం! ఇక్కడే పెట్టాను. ఈ అరుగు మీదే దొంగలు పడ్డారండీ!"

కూర్మయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అరుగు మీద గడియారం చూసిన గుర్తే లేదాయనకి. కానీ చుట్టూ ముప్పైమంది వింటుండగా, కొట్టుకొచ్చిన మనిషిని అబద్ధాలకోరు అనడం ఎలా?

"పన్నెండేళ్లయి ఈ బజార్లో సూది పోనేదు బాబూ," అన్నాడు గొంతు తగ్గించి. "గొడవ సెయ్యకండి. ఎలాటిదో సెప్పండి, తెప్పిస్తాను."

ఈ మాట కోసమే నరసింగరావు కాచుకుని ఉన్నాడు. మామూలు గడియారమైతే తెచ్చి చేతిలో పెట్టేస్తారు. కాబట్టి దొరకనిది చెప్పాలి. కళ్లకు కట్టినట్టు చెప్పాడు.

"కలకత్తా సరుకు. టేకు పెట్టె. అద్దానికి కింద ఎడమ మూల పగులు. ఏడో అంకె సగం చెరిగిపోయింది. ఆరింటికి ఏడు కొడుతుంది. మా అమ్మది. పెళ్లివాళ్లందరూ ఎరుగుదురు, వేరేది పట్టుకెళ్తే నా పరువు పోతుంది. సాయంత్రం బస్సులోపు అచ్చం అలాంటిది చూపించండి. లేదా రెండొందలిచ్చి, మా బజార్లో దొంగలున్నారని అందరిముందూ ఒప్పుకోండి!"

అలాంటిది ఈ చుట్టుపక్కల రెండోది ఉండదని అతని ధైర్యం.

"నేదు అన్న మాట మా నోట రాదు బాబూ. కూకోండి," అన్నాడు కూర్మయ్య.

బజారు కదిలింది. గడియారాలు బాగుచేసే సోములు తన కొట్టు మూసి శ్రీకాకుళం దారి పట్టాడు. బట్టల కొట్టాయన ఒక దిక్కుకీ, సోడాల ఆయన మరో దిక్కుకీ సైకిళ్లెక్కారు. నరసింగరావుకు మాత్రం చేపల పులుసుతో భోజనం, విసనకర్ర, కునుకు తియ్యడానికి నవారు మంచం. మర్యాదకేం లోటు రాలేదు.

అయిదయింది. కబురు లేదు. కూర్మయ్య గల్లాపెట్టె తెరిచి కూర్చున్నాడు. రెండొందలకు కాదు, అందరిముందూ అనబోయే "లేదు" అన్న మాటకు ఆయన కళ్లు తడిశాయి.

అయిదున్నరకి చెమటలు కక్కుతూ సోములు వచ్చాడు. సైకిలు వెనక, గడ్డి చుట్టి గోనెలో కుట్టేసిన మూట.

"దొరికింది మావా! ముల్లు ఆరు మీదకి తిప్పి సూసినాను. ఏడు కొట్టింది! పగులు కూడా అక్కడే ఉన్నాది!"

జనం ఈలలు వేశారు. కూర్మయ్య పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. అటు శ్రీకాకుళం బస్సు హారను మోగింది. "ఇప్పి సూసుకోండి బాబూ" అన్నా వినకుండా నరసింగరావు మూట అందుకుని బస్సెక్కేశాడు. ఇంకాసేపుంటే తన మొహం తనను పట్టించేలా ఉంది.

సోములుగాడు తక్కువవాడు కాడు, ఏదో గడియారానికి అద్దం పగలగొట్టి, మర మెలిపెట్టి తెచ్చాడని దారి పొడుగునా తిట్టుకున్నాడు. శ్రీకాకుళం పొలిమేర కనిపించేసరికి మనసు కుదుటపడింది. రొక్కం రాకపోతేనేం, ఊరికే వచ్చిన గడియారం. అమ్మితే నూరు రూపాయలకు తక్కువ రాదు.

ఇంటి గుమ్మంలో మూట దించుతుంటే భార్య పద్మకుమారి ఎదురొచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఏటండీ అది? సరే, ముందు నా మాట ఇనండి. ఇయ్యాల పెద్ద పుణ్యం సేసినాను. గాజుల జగ్గమ్మ ఇంటింటికీ తిరుగుతాది కదా, మనింటికి ఆమదాలవలస నుంచి ఒకాయన్ని ఎంటబెట్టుకొచ్చింది. పాపం, ఎవరో పెద్దమనిషి పెళ్లికి పట్టుకెళ్తన్న గడియారాన్ని దొంగలెత్తుకుపోనారంట. డబ్బులిస్తామన్నారు గానీ నేనే వద్దన్నాను. అచ్చం అలాటిదేనని మన గోడ మీద గడియారం తీసి ఊరికే ఇచ్చీసినాను!"