నక్క నోట్లో కోడిపిల్ల

పెరట్లో ఏది పోయినా "నక్క పనే!" అనేవాళ్లు. ఏనాడూ ఒక్క గుడ్డయినా ముట్టని కుర్రనక్కకి విని విని ఒళ్లు మండింది. "ఎలాగూ దొంగనన్నారుగా, ఇక తినే చూపిస్తా!" అనుకుంటూ కోళ్లగూటి దగ్గరికొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఓ కోడిపిల్ల కాలవలో జారిపడింది.

"నాయనా, నాకు ఈత రాదు. నువ్వే అందుకో!" అని తల్లికోడి నక్కని చూసి అరిచింది.

నక్క దూకి, పిల్లని నోట కరుచుకుని గట్టెక్కింది.

"చూశారా దొంగని! మింగేస్తున్నాడు!" అని కోడిపుంజు గోల పెట్టింది. ఆ మాటకి నక్క పళ్లు బిగుసుకున్నాయి.

"మెల్లగా నాయనా, నలిగిపోతుంది," అంది తల్లి.

నక్క పళ్ల పట్టు సడలింది. తడిసిన పిల్ల తల్లి రెక్క కిందికి పరిగెత్తింది.

మర్నాడు నక్కని చూడగానే పుంజు అలవాటుగా "దొంగొచ్చాడు!" అని కూసింది.

కోడిపిల్ల నక్క వీపు మీదికి ఎగబాకి, పుంజుకంటే గట్టిగా అరిచింది: "దొంగ కాదు, మా మావయ్య!"