తెల్ల క్రేయాన్

“చెవులు మరీ పొడుగయ్యాయి. ఇది కుందేలు కాదు, గాడిద,” అంది అమ్మమ్మ, కాగితపు చెవులను అల్లుడి తలకు చుట్టి పిన్ను పెడుతూ.

“గాడిదైనా పర్లేదత్తయ్యా. పాప నవ్వితే చాలు.”

పాప నవ్వలేదు. నాన్న కుర్చీకి ఆనుకుని నిలబడి, గిన్నెలో చల్లారుతున్న ఉడికిన గుడ్లను చూస్తోంది. మర్నాడు ఈస్టర్. గుడ్లకు రంగులేసి, ఇంట్లో అక్కడక్కడా దాచి, ఈస్టర్ కుందేలు తెచ్చిందని చెప్పి పాప చేత వెతికించాలని అమ్మమ్మ ఏర్పాటు. ఆట ధ్యాసలో ఒక్క మాటైనా నోరు జారుతుందని ఆశ. ఆరేళ్ళ పిల్ల మాట్లాడి ఐదు నెలలైంది.

కిటికీ దగ్గర తాత కప్పులో నీలిరంగు కలుపుతున్నాడు.

“ఏమయ్యా, అది నీ అద్దకం రంగు కాదు గదా? పిల్ల తినాల్సిన గుడ్లు.”

“కేకుల్లో వేసేదే. చెంచాడు వెనిగర్ పోశా, పట్టుకుంటుంది.”

అంతకు మించి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఈ ఐదు నెలల్లో అదీ తగ్గింది.

పాప మాట ఆగిపోయిన రోజు ముసురు పట్టింది. అద్దిన బట్టలు పెరట్లో ఆరేసే వీల్లేక, తాత వాటిని మెట్ల కమ్మీ మీద వేసి, అమ్మమ్మతో కలిసి బజారుకు వెళ్ళాడు. ఇంట్లో కూతురూ పాపా ఉన్నారు. వచ్చేసరికి కూతురు కింది మెట్టు దగ్గర పడి ఉంది. ఊపిరి లేదు. మెట్ల నిండా నీళ్ళు. పాప పైన గోడకు అతుక్కుపోయి ఉంది. కబురందుకుని అల్లుడు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

జారిపడిందన్నారు అందరూ. ఏ నీళ్ళకు జారిందో ఎవరూ అడగలేదు. అంతా అయ్యాక అల్లుడే మామగారి చేయి పట్టుకుని, “మీ తప్పు కాదు మామయ్య గారూ. తడిబట్టలు ఎక్కడో ఒకచోట ఆరేసుకోవాలిగా,” అన్నాడు. ఆ మాటతో తప్పు తనదేనని తాతకు ఖాయమైపోయింది.

అప్పట్నుంచీ పాప ఆయన ఒడిలోకి రాలేదు. నాన్న పక్క నుంచి కదలదు. అతనూ కదలనివ్వడు. తినిపించేది అతనే, జడ వేసేది అతనే, డాక్టరు గదిలో పక్కన కూర్చునేదీ అతనే. పాపకు మాట వస్తే మొదట తన బట్టల మాటే వస్తుందని తాత భయం. అసలు రాకుండా పోతుందేమోనని అంతకంటే పెద్ద భయం.

“క్రేయాన్లేవి బాబూ? పెట్టె ఖాళీగా ఉంది,” అంది అమ్మమ్మ.

“తీసేశానత్తయ్యా. ఏ రంగు దొరికినా ఆ మెట్లే గీస్తోంది. కనబడిందల్లా చించేస్తున్నా. పిల్లకు గుర్తు చేయకూడదు గదా.” అడుగున మిగిలిన తెల్ల క్రేయాన్ తీసి పాప చేతిలో పెట్టాడు. “ఇదైతే ఏం గీసినా కనబడదు. గీసుకో బంగారం.”

“తెల్ల గుడ్డు మీద తెల్ల గీతలా? బాగుంది సంబరం.”

తాత తలెత్తాడు. మైనం తగిలినచోట రంగు పట్టదు. నలభై ఏళ్ళు ఆయన ఆ కిటుకు మీదే బతికాడు. ఆఫీసులో కూర్చునే మనిషికి అదెక్కడ తెలుస్తుంది? చెప్పబోయి ఊరుకున్నాడు. పాప గీసిన మెట్లు అల్లుడు చూశాడు గానీ తాత ఒక్కటీ చూడలేదు. అందులో నా బట్టలున్నాయా అని అడగడానికి నోరు రాలేదు. ఇవాళ చూసేస్తే ఆ పీడ వదులుతుంది.

పాప గుడ్డును పొట్టకు ఆనించుకుని చాలాసేపు గీసింది. అల్లుడు తొంగి చూసి నవ్వాడు.

“ఏం గీశావో నీకే తెలియాలి.”

“ఇలా తే తల్లీ, ముంచుదాం,” అన్నాడు తాత. “నీళ్ళు చల్లారాయిలే. వేడి మీద మైనం కరిగిపోతుంది.”

“మైనమా?” అన్నాడు అల్లుడు.

పాప తనంతట తాను తాత దగ్గరికి వచ్చింది. చెంచా ఇవ్వబోతే తీసుకోలేదు. గుడ్డును కప్పులో వేసి, కదలకుండా వేలితోనే అదిమి పట్టింది. తాత మనసులో వంద లెక్కపెట్టి, గుడ్డు బయటికి తీశాడు.

నీలం మీద తెల్లటి మెట్లు. పక్కన కమ్మీ. కమ్మీ మీద వేలాడుతున్న బట్టలు. కింద జుట్టు పరుచుకుని పడి ఉన్న మనిషి.

తాత గుడ్డును కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

“నా బట్టలే,” అన్నాడు.

“అది పారేయండి మామయ్య గారూ.” అల్లుడు లేచాడు. కాగితపు చెవులు ముక్కు మీదికి జారినా సర్దుకోలేదు. “చిన్నపిల్ల గీతలు. మీకు బాధ తప్ప దేనికీ పనికిరావు. ఇటివ్వండి.”

“ఉండు బాబూ.”

తాత గుడ్డును వేళ్ళ మధ్య తిప్పాడు. మెట్లు చుట్టూ తిరిగి పైకెక్కాయి. అన్నిటికంటే పై మెట్టు మీద ఇంకో మనిషి, నిలువెత్తుగా, రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాడు.

అమ్మమ్మ వంగి చూసింది. “ఇదెవరే? ఆ రోజు ఇంట్లో ఉన్నది నువ్వూ మీ అమ్మేగా?”

తాత పాప ముందు నేల మీద కూలబడ్డాడు. “నేనా తల్లీ? తాతనేనా ఇది?”

పాప తల అడ్డంగా ఊపింది.

“మరెవరు?”

పాప నీలిరంగు అంటిన వేలెత్తి నాన్నను చూపించింది.