తలుపు మీది చేప

పాత రంగు గీకుతుంటే లారీ తలుపు మీద చేప బయటపడింది.

తెల్లటి గుండ్రంలో నీలం చేప. తోక పైకెత్తి ఉంది. చుట్టూ చుక్కలు.

అర్జునరావు మురిసిపోయాడు. గుడివాడ నుంచి విశాఖ వచ్చి, ఎప్పుడో మిలటరీ వాళ్లు అమ్మేసిన ఆ యుద్ధకాలపు లారీని కొని, ఫిషింగ్ హార్బరుకి ఐసు తోలుతున్నాడు. ఇన్నాళ్లూ దాన్ని డొక్కు బండి అన్నవాళ్లే అందరూ.

"అది పటాలం బ్యాడ్జీ బావా! ఏ పటాలందో ఏటో కనుక్కో," అన్నాడు ఐసు ఫ్యాక్టరీ గవర్రాజు.

అర్జునరావుకి అదే పనైపోయింది. ఒకాయన ఇంగ్లండు పటాలమన్నాడు. నేవీలో చేసే మరొకాయన, ఆ చుక్కలు నక్షత్రాలనీ, బండి అమెరికా వాళ్లదనీ తేల్చాడు. అర్జునరావుకి అమెరికాయే నచ్చింది. కనిపించిన ప్రతివాడికీ తలుపు చూపించి, దొరలు తిరిగిన బండి అని చెప్పుకునేవాడు.

ఆ రోజుల్లోనే హార్బరులో లారీ దగ్గరికి ఒక ముసలిది రావడం మొదలుపెట్టింది.

చేపలమ్ముకునే మనిషి. గంప దించి, తలుపు దగ్గర నిలబడి, వేళ్లతో ఆ బొమ్మని తడిమేది.

"ఏయ్, చెయ్యి తియ్! రంగు లేచిపోద్ది."

"సూస్తన్నాను బాబూ. అంతే."

"చూట్టానికి చెయ్యెందుకు?"

ముసలిది చెయ్యి తీసేసింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి తలుపుకి చెంప ఆనించింది. ఆమె చేతి తడికి ఓ మూల నీలం పెచ్చు రాలింది.

అర్జునరావుకి ఒళ్లు మండిపోయింది. జబ్బ పట్టుకుని ఈడ్చాడు. ముసలిది చేపల నీళ్లలో కూలబడింది.

"అమెరికావాళ్ల బ్యాడ్జీ మీద నీ నీచు చేతులేంటే!"

చేపల వేలంపాట దగ్గర ఎవరో నవ్వారు. అర్జునరావూ నవ్వాడు.

ఆమె లేచింది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ పూట అతనికి అన్నం సహించలేదు. బొమ్మ పాడైపోదా మరి, అని తనకు తానే చెప్పుకున్నాడు.

వానలు వెళ్లాక, తగరపువలసలో ఆ యుద్ధంలో పనిచేసిన శ్రీరామ్మూర్తిగారనే రిటైర్డు సుబేదారు ఉన్నారని తెలిసి లారీ తోలుకెళ్లాడు. తలుపు చూడగానే పెద్దాయన కుర్చీలోంచి లేచారు.

"అమెరికాదీ కాదు, ఇంగ్లండుదీ కాదయ్యా. బర్మా సరిహద్దులో మా కంపెనీ బండి ఇది. ఏదో ఒక గుర్తు వేసుకోండని దొర అంటే, డ్రైవరు తాతబాబు బ్రష్షు అందుకుని ఈ చేప వేశాడు. ఇదేం చేపరా అని అడిగితే, 'మా ఇంటి సేప' అన్నాడు. మాకెవరికీ అర్థం కాలేదు."

"ఇప్పుడెక్కడున్నాడండీ?"

"గాయపడ్డ నన్ను ఈ బండి దగ్గరికి మోసుకొచ్చింది వాడే. ఇంకొకణ్ణి తెస్తానని వెనక్కి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. పెళ్లాం ఉండేది, విశాఖ జాలరిపేటలో."

అర్జునరావు తిన్నగా జాలరిపేట వెళ్లాడు. తాతబాబు భార్యని చేప ముందు నిలబెట్టాలి. ఆమె మొహం చూడాలి. దారి పొడుగునా అదే ఆశ.

గుమ్మంలో పోతమ్మ అనే ఆవిడ వల బాగుచేస్తోంది.

"తాతబాబు భార్య ఇల్లిదేనా అమ్మా?"

"మా యత్తే. నూకాలు. పోయి నెల్లాళ్లయినాది." ఆమె లారీని చూసింది. తర్వాత అతన్ని చూసింది. "అత్తని రేవులో ఈడ్సేసినోడివి నువ్వే కదా?"

అర్జునరావు తలెత్తలేకపోయాడు.

"ఒక్క మాట చెప్పుంటే..."

"ఏటి సెప్తాది బాబూ? మామ ఊసెత్తితే దానికి గొంతు పెగిలేది కాదు. 'మీ మామ బండొచ్చినాదే, ఎల్లి సూసుకుని వస్తన్నాను' అని నాతోటి మాత్రం అనీది."

అర్జునరావు లారీ తలుపు వైపు చూశాడు.

"మా ఇంటి చేప అంటే ఏంటమ్మా?"

పోతమ్మ వల పక్కనపెట్టి, తన భుజం కింద వేలితో చూపించింది.

"ఇక్కడ, మా యత్త జబ్బ మీద పెళ్లినాటి పచ్చబొట్టు ఉండీది. దాన్నే మామ బండి మీద ఏసుకున్నాడు."