తెరమీద నలుపు

"మూడుసార్లు వాడి మీదుగా ఎగరేశావు. మూడుసార్లు!" లోర్నా బల్లమీద చరిచి, చెయ్యి అలాగే అదిమి పట్టింది. "కుందేలు కనిపించింది నీకు. నా కొడుకు కనిపించలేదు!"

కొండ రక్షక దళం షెడ్డులో గార్త్ తల వంచుకుని నిలబడ్డాడు. మంచులో తప్పిపోయినవాళ్లను ఇరవై ఏళ్లుగా వెతికి తెస్తున్న మనిషి. ఆమె కొడుకు కోల్బీ కోసం డ్రోన్ నడిపింది అతనే.

"కనిపించలేదమ్మా" అన్నాడు.

"తెల్లారేదాకా బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడు. ప్రాణమున్న ఒంట్లో వేడి ఉండదా? ఆ వేడిని పట్టడానికే కదా నీ కెమెరా? దాన్ని కొనడానికి ఊరంతా కేకులు చేసి అమ్మాం. నేనూ అమ్మాను. ఏదీ, ఒకసారి చూపించు!"

గార్త్ కదల్లేదు. దళంలో కొత్తగా చేరిన నర్సు బ్రిడ్జెట్ తినబోతున్న పొట్లం బల్లమీద పెట్టి, లేచి డ్రోన్ కెమెరా అందుకుంది. తెర వెలిగింది. వెచ్చనివి తెల్లగా, చల్లనివి నల్లగా. లోర్నా ముఖం తెల్లటి ముద్దలా ఉంది. ఆమె చెయ్యి తీసింది. బల్లమీద అయిదు వేళ్ల గుర్తు తెల్లగా మిగిలింది.

"చూశావా? చెయ్యి తీసేశాక కూడా దాని వేడి కనిపిస్తోంది. నిండు మనిషి కనిపించడా?"

ఆ వేళ్ల గుర్తు పక్కన నల్లటి ముద్ద ఒకటి ఉంది.

"అదేంటి?"

"నా శాండ్‌విచ్. ఇప్పుడే తెచ్చా, పొగలు కక్కుతోంది. పైన వెండిరంగు రేకు చుట్టారు కదా, లోపలి వేడి కెమెరాకి..."

"బ్రిడ్జెట్, కట్టెయ్" అన్నాడు గార్త్.

"పొగలు కక్కే తిండే కనపడని కెమెరాతో నా బిడ్డను వెతికావన్నమాట!" లోర్నా సంచిలోంచి కాగితం తీసి అతని ముందుకు తోసింది. "తప్పు నీదేనని రాసివ్వు. దళం నుంచి తప్పుకుంటున్నానని కూడా రాయి."

గార్త్ రెండు వాక్యాలూ రాసి సంతకం పెట్టాడు.

"గార్త్! ఎందుకలా మాట పడతావు? చెప్పొచ్చు కదా!" అంది బ్రిడ్జెట్.

"ఏంటి చెప్పేది?" లోర్నా ఆమె వైపు తిరిగింది.

"ఏమీ లేదమ్మా. నేనే సరిగ్గా చూడలేదు" అన్నాడు గార్త్.

కోల్బీ వస్తువులు తెచ్చి ఒక్కొక్కటే బల్లమీద పెట్టాడు. స్కీలు, చేతి తొడుగులు, ఫ్లాస్కు. అన్నిటిమీదా నీలి సిరాతో రాసిన తెల్ల టేపు ఉంది. ఎక్కడ పారేసుకుంటాడోనని ప్రతిదానిమీదా లోర్నాయే అంటించి పేరు రాసేది. పందొమ్మిదేళ్లొచ్చినా మానలేదు. వాడు విసుక్కునేవాడు, కానీ పీకేవాడు కాదు.

అన్నీ చేతుల్లోకి తీసుకుంటుంటే గార్త్ కుర్చీ కింద కాగితపు సంచి కనిపించింది. దానిమీద కోల్బీ పేరుంది.

"అదెందుకు దాచావు?"

"అదొక్కటీ వద్దమ్మా. నా మాట విను."

"నీ మాటా? నా కొడుకును తేలేనివాడివి, వాడి వస్తువులు కూడా నాకివ్వవా?"

వంగి సంచి లాక్కుని, అక్కడే చింపింది.

లోపలున్న వెండిరంగు రేకు దుప్పటి మీద ఆమె రాతే ఉంది: "చలేస్తే నిండా కప్పుకో, నాన్నా."