మూడు కొంగల గడియారం

"రంగు ఇంకా తడారలేదు. ఎవరి వేలు తగిలినా వారం దాకా వదలదు. మధ్యాహ్నం అందరి చేతులూ చూస్తాను," అన్నాడు ఆంబ్రోస్ కోకర్, పెయింటర్ దిగిన నిచ్చెనని గోడకే వదిలేసి.

తబితా తలెత్తి చూసింది. గడియారం ముళ్ళు రెండూ కొత్త బంగారు రంగుతో నిగనిగలాడుతున్నాయి.

"నా పెళ్ళని వేయించావనుకున్నాను నాన్నా."

"పెళ్ళని కాదు. దొంగతనంగా ముల్లు వెనక్కి తిప్పుతారని."

తబితా చటుక్కున నిచ్చెన మీంచి చూపు తిప్పుకుంది. ఆమె చెయ్యాలనుకున్నది సరిగ్గా అదే.

గడియారాల మీద సర్కారు పన్ను వేసిన ఏడాది ఊరివాళ్ళు తమవి దాచేసుకుంటే, ఆంబ్రోస్ తండ్రి తన సత్రం కమాను కింద బండిచక్రమంత గడియారం బిగించాడు. దానికి అద్దం లేదు, గంట కొట్టదు. నలభై ఏళ్ళుగా 'మూడు కొంగలు' సత్రం గడియారమే ఊరందరికీ టైము. అది నిమిషం తప్పితే ఆంబ్రోస్‌కి ముద్ద దిగదు.

చర్చిలో తబితాకీ, మెయిల్ బండి తోలే నెడ్ హానఫర్డ్‌కీ పెళ్ళి చాటింపు వేసి ఇవాళ్టికి సరిగ్గా మూడు నెలలు. నెడ్‌కి ఇన్నాళ్ళూ సెలవు దొరకలేదు. ఇవాళ పన్నెండులోగా పెళ్ళి కాకపోతే చాటింపు చెల్లదు. పన్నెండు దాటాక పెళ్ళి చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. మళ్ళీ చాటిస్తే కాదని లేచి నిలబడతానని ఆంబ్రోస్ ముందే చెప్పాడు. ఇరవై ఒకటి నిండని పిల్ల, తండ్రి కాదంటే ఇక అంతే.

"వచ్చే ఏడాది రైలొస్తుంది. అప్పుడు నీ మొగుడు ఆ కమ్చీతో ఈగలు తోలుకుంటాడా?" అన్నాడు ఆంబ్రోస్.

"తోలితే తోలనీ. నీ సత్రంలో ఈగలకేం కరువు?" అంది వంటమనిషి మార్తా.

పదకొండయింది. మెయిల్ బండి బూర వినపడలేదు. రాత్రంతా కురిసిన వానకి వాగు పొంగిందని సంతకొచ్చినవాడొకడు చెప్పాడు.

"మార్తా, పనివాళ్ళందర్నీ తీసుకుని వీధి వాకిలి ఊడ్పించు. తబితా, నువ్వు నేలమాళిగలోంచి ఆపిల్ సారా పట్రా," అని ఆంబ్రోస్ అందర్నీ తరిమాడు.

"ఎవరి కోసం నాన్నా?"

"పెళ్ళి తప్పిపోతే నేను తాగొద్దూ?"

ఆమె కూజాలు నింపుకుని వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఈల వేస్తూ నిలబడి ఉన్నాడు. గడియారం పదకొండుంబావు దాటలేదు. ఎదురుచూసేవాళ్ళకి కాలం నడవదంటారు, నిజమేననుకుంది తబితా.

పాదిరి ట్రిగ్ గారు వచ్చి కమాను కింద నిలబడ్డారు. "ఇంకా టైముంది. నాకు పావుగంట చాలు. మార్తా, ఆ వాసన మాంసం వేపుడిదేనా?"

ముల్లు పదకొండూ ముప్ఫై అయిదు మీదికి వచ్చినప్పుడు బూర మోగింది. నురగలు కక్కే నాలుగు గుర్రాలతో, నిలువెల్లా బురదతో బండి కమానులోకి దూసుకొచ్చింది. నెడ్ పగ్గాలు వదిలేసి కిందికి దూకాడు.

"వాగులో ఇరుక్కున్నాం. అయిపోయింది కదూ, తబితా?"

"పైకి చూడు," అంది తబితా.

బండి వెనక నుంచి గార్డు సైలస్ దిగి, లండన్‌లో టపావాళ్ళు సీలు వేసిచ్చిన తన గడియారం పైకెత్తాడు. "ఇందులో పన్నెండూ అయిదు అయిందండీ."

"అది లండన్ టైము. వాళ్ళది మనకంటే ముందే నడుస్తుంది," అన్నారు పాదిరి గారు.

"ముందంటే పావుగంటే కదండీ, అరగంట కాదుగా."

"ఇవాళ లండన్‌కి తొందరెక్కువైనట్టుంది. పదండి, పదండి."

వీధి దాటితే చర్చి. బురద బూట్లతోనే నెడ్ ప్రమాణం చేశాడు. తబితా గొంతు వణకలేదు. రిజిస్టర్లో సంతకానికి పాదిరి గారు కలం అందిస్తే ఆంబ్రోస్ మొహం తిప్పుకున్నాడు. "నేను చెయ్యను. మార్తా చేస్తుంది."

నెడ్ చెయ్యి చాచాడు. "మామగారూ."

ఆంబ్రోస్ జేబులోంచి చెయ్యి తియ్యలేదు. తబితాకి అంత సంతోషంలోనూ కళ్ళు చెమ్మగిల్లాయి.

సత్రంలో ఫిడేలు మొదలైంది. ప్రయాణికులు కూడా కుర్చీలు జరిపి గంతులేశారు. ఆంబ్రోస్ మాత్రం పొద్దున అన్న మాట ప్రకారం వరసగా అందరి చేతులూ తిప్పి చూశాడు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

"తృప్తయిందా? ఈ పూటైనా పిల్లని దీవించవయ్యా," అంది మార్తా.

ఆయన ఎడమచేత్తో గ్లాసెత్తాడు. తబితాకి ఒళ్ళు మండింది. అల్లుడికివ్వని ఆ కుడిచెయ్యి తనకైనా ఇవ్వాల్సిందేనని దగ్గరికెళ్ళి, మణికట్టు పట్టుకుని జేబులోంచి బయటికి లాగింది.

చూపుడువేలు బంగారు రంగులో మెరుస్తోంది.